షరతులు లేని ప్రేమ: ఒంగోలు కరువు కాలంలో ఒక క్రైస్తవ భావనకు ఎదురైన పరీక్ష (1876–1878)

ప్రస్తావన

1878 జూలై 3వ తేదీన, ఒంగోలుకు ఉత్తరాన సుమారు పది మైళ్ళ దూరంలో, పెద్దబాట గుండ్లకమ్మ నదిని దాటే చోట ఉన్న వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందు రోజు 614 మంది, మరుసటి రోజు 700 మంది. మూడు రోజుల మొత్తం 3,536. వీరిలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల మాదిగలు. ఇద్దరు బోధకులు నీటిలో నిలబడి బాప్తిస్మం ఇస్తూ అలసిపోగానే మరో ఇద్దరు దిగేవారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ చరిత్రలన్నీ ఈ అంకెలను ఎంతో గర్వంగా చెప్పుకున్నాయి.

అయితే ఈ పాఠ్యభాగంలో మనం ముఖ్యంగా పరిశీలించేది ఆ మూడు రోజులను కాదు, వాటికి ముందు గడిచిన పదిహేను నెలలను. అది కరువు కాలం. తమకు బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతూనే ఉన్నారు. మిషన్ వారు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. మతప్రచారం కోసమే సముద్రాలు దాటి వచ్చినవారు, తమంతట తాము అడిగి వచ్చినవారిని అంతకాలం ఎందుకు ఆపారు? క్రైస్తవంలో 'షరతులు లేని ప్రేమ' అని పిలిచే భావనకూ, ఈ నిరాకరణకూ సంబంధం ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే ముందుగా ఆ భావన ఎక్కడి నుంచి వచ్చిందో కొంత తెలియాలి.

విద్యార్థులు ఒక విషయం గమనించాలి. ఒక మత భావన సత్యమా కాదా అన్నది చరిత్ర తేల్చే అంశం కాదు. ఒక భావన ఒక సమాజంలో, ఒక సంక్షోభ సమయంలో మనుషుల చేత ఏమి చేయించింది, ఏమి చేయించలేకపోయింది అన్నదే చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న.

మాట, దాని వెనుక చరిత్ర

'షరతులు లేని ప్రేమ' అనే పదబంధం బైబిలులో ఎక్కడా లేదు. ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగించవచ్చు. ఈ మాట విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది 20వ శతాబ్దంలోనే. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్, 1956లో ప్రేమను గురించి ప్రసిద్ధమైన పుస్తకం రాసిన ఎరిక్ ఫ్రామ్ వంటివారి రచనల వల్ల ఇది సాధారణ పాఠకుల వాడుకలోకి చేరింది. తరువాత చర్చి ప్రసంగాలు దీనిని తమ మాటగా చేసుకున్నాయి.

తెలుగులో ఇంకొక చిక్కు ఉంది. మామూలు వాడుకలో నిబంధన అంటే నియమం, షరతు. తెలుగు బైబిలులో నిబంధన అంటే దేవుడు తన ప్రజలతో చేసుకున్న ఒడంబడిక. పాత నిబంధన, కొత్త నిబంధన అన్న పేర్లు అలా వచ్చినవే. అందువల్ల ఎవరైనా 'నిబంధన లేని ప్రేమ' అని అనువదిస్తే, తెలుగు క్రైస్తవ పాఠకుడికి అది తన గ్రంథాన్నే కాదన్నట్టు వినిపిస్తుంది. బోధకులు 'షరతులు లేని' అనే ఉర్దూ మాటను ఎంచుకోవడానికి ఇదొక కారణం కావచ్చు.

పదం కొత్తదే కాని భావన పాతది. కొత్త నిబంధన గ్రంథాలు రాసిన గ్రీకు భాషలో ప్రేమకు అగాపే అనే మాట ఉంది. అగాపే అంటే దైవిక ప్రేమ, ఎరోస్ అంటే కోరికతో కూడిన ప్రేమ అని విడదీసి చెప్పడం నేటి ప్రసంగాలలో మామూలు. ఈ విభజనను శాస్త్రీయంగా ప్రతిపాదించినవాడు స్వీడన్ వేదాంతి ఆండర్స్ నీగ్రెన్. ఆయన గ్రంథం 1930, 1936 సంవత్సరాలలో రెండు భాగాలుగా వెలువడింది. అయితే భాషా చరిత్ర ఇంత తేలికగా విడిపోదు. యూదుల గ్రంథాల ప్రాచీన గ్రీకు అనువాదంలో, దావీదు కొడుకు అమ్నోను తామారు మీద పెంచుకున్న కాముకతకు కూడా ఇదే ధాతువును వాడారు. కనుక అర్థం మాటలో లేదు, ఆ మాటతో చెప్పిన కథల్లో ఉంది.

ఆ కథలు మనలో చాలామంది విన్నవే. ఆస్తి తగలబెట్టుకుని తిరిగివచ్చిన చిన్నకొడుకు క్షమాపణ మాటలు పూర్తి చేయకముందే తండ్రి ఎదురు పరుగెత్తి కౌగిలించుకుంటాడు. దారిలో దొంగల చేత దెబ్బలు తిని పడి ఉన్నవాడిని, యూదులు చులకనగా చూసే సమరయ జాతివాడు ఎత్తుకుని పోయి సత్రంలో చేర్పించి ఖర్చు భరిస్తాడు. దేవుడు పంపే వాన మంచివారి చేను, చెడ్డవారి చేను అని చూసి కురవదని యేసు కొండమీద బోధించాడు. మనుషులు పాపంలో ఉండగానే దేవుడు వారిని ప్రేమించాడన్నది పౌలు వాదం. వీటన్నిటి సారం ఒకటే: ప్రేమను పొందేవాడి అర్హత ఆ ప్రేమకు కారణం కాదు. ఐదవ శతాబ్దంలో అగస్టీన్ దేవుని కృపను మనిషి సంపాదించుకోలేడని పెలాగియస్‌తో వాదించినా, 1518లో హైడెల్‌బర్గ్ చర్చలో మార్టిన్ లూథర్ దేవుని ప్రేమ తనకు తగినదాన్ని వెతకదు, తానే తయారు చేస్తుందని ప్రతిపాదించినా, ఆధారం ఈ సారమే.

ఇది బోధగానే మిగిలిపోలేదు. మూడవ శతాబ్దం మధ్యలో రోమన్ సామ్రాజ్యమంతటా అంటువ్యాధి ప్రబలినప్పుడు, కార్తేజ్ బిషప్ సిప్రియన్ తమను హింసించిన అన్యమతస్థులకు కూడా సాయం చేయాలని తన సంఘాన్ని ప్రోత్సహించాడు. ఒక శతాబ్దం తరువాత, క్రైస్తవాన్ని వదిలి పాత దేవతల పూజను పునరుద్ధరించాలని ప్రయత్నించిన జూలియన్ చక్రవర్తి, గలాతియ ప్రాంతపు ప్రధాన పూజారికి రాసిన లేఖలో ఒక ఫిర్యాదు చేశాడు. ఈ గలిలయులు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్ళేమో మన సాయం లేక అలమటిస్తున్నారు అన్నది దాని సారాంశం. ప్రత్యర్థి నోటి నుంచి వచ్చిన సాక్ష్యం కనుక చరిత్రకారులు దీనికి విలువ ఇస్తారు. ఆ లేఖలో జూలియన్ అనుమానం కూడా కనబడుతుంది. ఆ దానం వల్లే క్రైస్తవం పెరుగుతోందని ఆయన గ్రహించాడు. అన్నం పెట్టడం, మతం పెరగడం అనే రెంటి మధ్య ఉన్న ఈ ముడి పదిహేను వందల ఏళ్ళ తరువాత ఒంగోలులో మళ్ళీ కనిపిస్తుంది.

ప్రేమకు లేని షరతు సభ్యత్వానికి

ఇక్కడ బాప్టిస్టుల సిద్ధాంతంలోని ఒక అంశాన్ని అర్థం చేసుకోవాలి. లేకపోతే ఒంగోలులో జరిగింది అర్థం కాదు. కాథలిక్కులు, లూథరన్లు, ఆంగ్లికన్లు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. బిడ్డ ఏమీ అడగదు, ఏమీ ఒప్పుకోదు. కృప ముందు వస్తుందన్న భావానికి ఆ ఆచారమే ఒక బొమ్మ. బాప్టిస్టులు దీన్ని అంగీకరించరు. వయసు వచ్చి, తెలిసి, తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నవారికే వారు నీటిలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. దేవుని ప్రేమకు షరతు లేదు. సంఘ సభ్యత్వానికి మాత్రం ఉంది, అదే స్వేచ్ఛగా చేసిన ఒప్పుకోలు. ఆ 'స్వేచ్ఛగా' అన్న మాట చుట్టూనే మన కథ తిరుగుతుంది. కడుపు కాలుతున్నవాడు చేసిన ఒప్పుకోలు స్వేచ్ఛగా చేసినదేనా?

కరువుకు ముందు ఒంగోలు

అమెరికన్ బాప్టిస్టులు తెలుగు ప్రాంతానికి 1836లో వచ్చారు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో కేంద్రం స్థాపించాడు. చాలాకాలం ఫలితం అంతంత మాత్రం. మూసివేద్దామన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1853లో అలాంటి చర్చ జరిగినప్పుడు ఈ మిషన్‌కు 'ఒంటరి నక్షత్రం' అనే పేరు స్థిరపడింది. 1854 జనవరి 1న లైమన్ జూయెట్ కొద్దిమందితో కలిసి ఒంగోలులోని కొండ మీద ప్రార్థన చేశాడు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు.

జాన్ ఎవరెట్ క్లౌ 1865లో భారతదేశం చేరి, 1866లో ఒంగోలుకు మారాడు. మతబోధకుడు కాకముందు ఆయన అమెరికాలో ప్రభుత్వ భూముల సర్వేయరుగా పనిచేశాడు. ఈ వివరం తరువాత అక్కరకు వస్తుంది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో తాలూకా కేంద్రం. 1904లో గుంటూరు జిల్లాలోకి, 1970లో కొత్త జిల్లాకు కేంద్రంగా మారింది.

అయితే ఉద్యమానికి మూలపురుషుడు క్లౌ కాదు, ఎర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ కులస్థుడు, ఒంగోలుకు పడమటి పల్లెలో ఉంటూ తోళ్ళ వ్యాపారం చేసేవాడు. క్రైస్తవానికి రాకముందే ఒక మహిళా గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్న సాధకుడు. వ్యాపారం పని మీద గోదావరి వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల బోధ విన్నాడు. 1866లో భార్యతో సహా బాప్తిస్మం పొందాడు. తరువాత ఊరూరా తిరిగి తన బంధువర్గానికి చెప్పాడు. ఈ విషయాన్ని నొక్కి చెప్పవలసిన అవసరం ఉంది. ఎందుకంటే కరువులో గంజి కోసమే మాదిగలు మతం మారారనే వాదనకు పేరయ్య కథ అడ్డం వస్తుంది. ఆయన తీసుకున్నప్పుడు కరువు లేదు, గంజి కేంద్రమూ లేదు. కరువు మొదలయ్యేనాటికే ఒంగోలు సంఘంలో మూడు వేలకు పైబడి సభ్యులు ఉన్నారు.

పేరయ్య, ఆయన వెంట వచ్చినవారు చేరడంతో క్లౌకు మొదటి పరీక్ష ఎదురైంది. ఆయన నడుపుతున్న బడికి బ్రాహ్మణ పిల్లలు వస్తుండేవారు. అగ్రవర్ణాల పెద్దలు కొందరు ఆయన బోధ పట్ల ఆసక్తి చూపుతున్నారు. మాదిగలను చేర్చుకోవద్దని, చేర్చుకుంటే తాము రామని వారు స్పష్టంగా చెప్పారు. తన జ్ఞాపకాలలో క్లౌ రాసిన ప్రకారం, ఆయన ఒక గదిలో, భార్య హారియెట్ మరొక గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో ఒకే భాగం కనిపించింది. లోకం చిన్నచూపు చూసినవారినే దేవుడు ఎంచుకున్నాడన్నది ఆ భాగం సారం. వాళ్ళిద్దరూ దీన్ని దేవుని సూచనగా తీసుకున్నారు. మనం ఆ యాదృచ్ఛికతను పక్కన పెట్టినా, నిర్ణయం మాత్రం చరిత్ర. మాదిగలను చేర్చుకున్నారు, బడి ఖాళీ అయింది.

ఇంతవరకు చూస్తే షరతులు లేని ఆహ్వానమే. కాని లోపలికి వచ్చాక మూడు నియమాలు పాటించాలి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి చిన్న నియమాలు. గ్రామ వ్యవస్థలో వీటి బరువు వేరు. ఆదివారం పని మానడమంటే కాపు రైతు పిలిచినప్పుడు రానని చెప్పడం. విగ్రహారాధన మానడమంటే ఊరి జాతరలో డప్పు కొట్టనని చెప్పడం. చచ్చిన గొడ్డు మాదిగకు చెందడం, అందుకు బదులుగా ఆయన చెప్పులు, మోట తొండాలు కుట్టి ఇవ్వడం అనే పాత ఏర్పాటులో ఒక కొస తెంపడం. ఊరి పెద్దలు ఊరుకోలేదు. బావుల దగ్గరకు రానివ్వకపోవడం, పని ఇవ్వకపోవడం, కొట్టడం జరిగాయి. మిషన్ నియమాల మూల్యాన్ని పూర్తిగా చెల్లించినవారు మాదిగలే. ఈ సంగతి మిషన్ రచనల్లో హింసను భరించిన విశ్వాసుల కథగా వస్తుంది. దాన్ని అలా చదవవచ్చు. ఆ భారం ఎవరు ఎవరి మీద మోపారన్న ప్రశ్న కూడా అడగవచ్చు.

కరువు, కాలువ పని

1876లో వానలు రాలేదు. అది ధాత నామ సంవత్సరం కావడంతో తెలుగు పల్లెల్లో దీన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలన్నిటిలో కలిపి మృతుల సంఖ్య యాభై లక్షలకు పైనే ఉంటుందని సాధారణంగా అంచనా వేస్తారు. వాన అందరికీ సమానంగా ఎగ్గొట్టింది కాని కరువు అందరినీ సమానంగా తాకలేదు. గాదెలో గింజలున్న రైతు మొదటి ఏడు నెట్టుకొచ్చాడు. ఏ రోజు కూలి ఆ రోజు గింజల రూపంలో తీసుకునే మాదిగకు, రైతు పని ఆపిన రోజే పొయ్యి ఆరిపోయింది.

ప్రభుత్వం సాయం చేసింది, కాని లెక్క చూసుకుని చేసింది. కేంద్ర ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కూలి రేటు తగ్గించి, మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన ఒక అణా అని నిర్ణయించాడు. ఆ తిండితో కష్టమైన పని చేసే మనిషి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ తీవ్రంగా వాదించాడు. రేటు మాత్రమే కాదు, పద్ధతి కూడా గమనించదగ్గది. నిజంగా అవసరమున్నవాడే వస్తాడన్న ఉద్దేశంతో, సాయం కావాలంటే ఇల్లు వదిలి దూరపు పనిస్థలానికి నడిచి వెళ్ళి కష్టమైన పని చేయాలన్న పరీక్షలు పెట్టారు. అర్హుడైన పేదను అనర్హుడి నుంచి వేరుచేయడం దాని లక్ష్యం. సమరయుడి కథలో ఎవరూ అడగని ప్రశ్నే ఇక్కడ పాలనకు మూలసూత్రం. పాలకులు కూడా క్రైస్తవులేనన్నది మరవకూడదు.

ఆ పనులలో ఒకటి బకింగ్‌హాం కాలువ. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు మీద వచ్చిన పేరది. తీరం వెంబడి ఉన్న పాత కాలువల మధ్య ఖాళీలను కలిపి, పడవలు పోయేటట్టు చేయడం పని. తవ్వకం దగ్గర మేస్త్రీలు మాదిగలను తిట్టి కొట్టి, కూలి కోసేస్తున్నారని క్లౌకు తెలిసింది. ఆయన తానే సుమారు మూడు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వేయరు అనుభవం ఉపయోగపడింది. తన బోధకులను పని మేస్త్రీలుగా నియమించాడు. మతం అడగకుండా వచ్చినవారికి పని ఇచ్చాడు. దూరపు పల్లెల నుంచి కుటుంబాలు వచ్చి శిబిరంలో తాటాకు గుడిసెలు వేసుకున్నాయి. కలరా వచ్చింది. చాలామంది అక్కడే చనిపోయారు. మిగిలినవారు తవ్వారు.

పగలు మట్టి తవ్వించిన మేస్త్రీ, విరామ సమయంలో చెట్టు కింద కూర్చుని యేసు కథ చెప్పాడు. బరువు మోయలేని నీ దగ్గరకు బరువు దించేవాడు వచ్చాడన్న మాట, తట్ట నెత్తిన పెట్టుకున్నవాడికి ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. ఈ పాఠ రచయిత దృష్టిలో మొత్తం ఉదంతంలో అత్యంత సందిగ్ధమైన ఘట్టం ఇదే. కూలి లెక్క రాసేవాడే దేవుని మాట చెబుతున్నప్పుడు, వినేవాడు 'నాకు వద్దు' అని లేచిపోగలడా? ఎవరూ బలవంతం చేయలేదు. వినకపోతే కూలి తగ్గిస్తామని ఎవరూ అనలేదు. అయినా అధికారం మాట్లాడకుండా కూడా పనిచేస్తుంది.

పదిహేను నెలల నిరాకరణ

క్లౌ ఈ చిక్కును గుర్తించాడనడానికి ఆయన చేసిన పనే సాక్ష్యం. సాయం జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. సాయం కోసం చేరారన్న అపవాదు సంఘానికి రాకూడదన్నది ఒక కారణం. అందులో కొంత జాగ్రత్త ఉంది, కొంత పేరు ప్రతిష్ఠల చింత కూడా ఉంది. కాని ఫలితం మాత్రం ఒక సూత్రంగా నిలబడింది. అన్నం తీసుకున్నవాడు బదులుగా ఏమీ ఇవ్వవలసిన పని లేదు. ఇవ్వాలనుకున్నా తీసుకోబోము.

ఇందులోని వైరుధ్యాన్ని చూడండి. అన్నాన్ని షరతు లేకుండా ఉంచడానికి బాప్తిస్మానికి ఒక కొత్త షరతు వచ్చింది: కరువు అయిపోయేదాకా ఆగాలి. ఆ లోపల చనిపోయినవారి సంగతి? విశ్వాసంతో అడిగి, నిరాకరణ పొంది, కలరాలో పోయినవారు తప్పకుండా ఉండి ఉంటారు. రక్షణ బాప్తిస్మం మీద ఆధారపడదని బాప్టిస్టు సిద్ధాంతం కనుక క్లౌకు మనసులో కొంత ఊరట ఉండవచ్చు. ఆ పల్లె మనిషికి ఆ సిద్ధాంత వివరం ఎంతవరకు తెలుసునన్నది వేరే మాట. నీటిలోకి దిగడమంటే అతడికి 'నన్ను కూడా మనిషిగా లెక్కలోకి తీసుకున్నారు' అన్నదానికి గుర్తు. ఆ గుర్తును ఆపి ఉంచారు.

1878 జూన్ నాటికి సాయం ముగిసింది. క్లౌ తన బోధకులకు కబురు పంపి, వెల్లంపల్లి దగ్గర కలుసుకుందామని, అంతకుముందే క్రైస్తవులైనవారిని మాత్రమే తీసుకురమ్మని చెప్పాడు. వేల మంది వెంట వచ్చారు. ఆయన చెప్పుకున్న ప్రకారం, జనం ఎదుట నిలబడి, ఇక డబ్బు లేదు, సాయం లేదు, వెళ్ళిపొమ్మని చెప్పాడు. మాకు మీ డబ్బు వద్దు, మా రెక్కలున్నాయి, కష్టపడి బతుకుతాం, బాప్తిస్మం మాత్రం కావాలి అన్నది వారి సమాధానం. బోధకులు తమ తమ పల్లెలవారిని విడివిడిగా కూర్చోబెట్టి, ప్రశ్నించి, పేర్లు రాసుకున్నారు. తరువాతే గుండ్లకమ్మ ఒడ్డున ఆ మూడు రోజులు. సంవత్సరం చివరికి కొత్తగా చేరినవారు 9,606. ఒంగోలు సంఘం పన్నెండు వేలు దాటి, ప్రపంచంలోని అతి పెద్ద బాప్టిస్టు సంఘాలలో ఒకటి అయింది.

అమెరికాలోని మిషన్ మద్దతుదారులలో సంతోషంతో పాటు సందేహం కూడా పుట్టింది. ఇంతమందిని ఒకేసారి పరీక్షించడం సాధ్యమా? వీరు నిజమైన విశ్వాసులేనా? 'బియ్యపు క్రైస్తవులు' అన్న ఎగతాళి మాట అప్పటికే వాడుకలో ఉంది. ఆ మాటలో ఒక అన్యాయం దాగి ఉంది. పేదవాడి కారణాలను పరీక్షించినంత కఠినంగా ధనవంతుడి కారణాలను ఎవరూ పరీక్షించరు. ఉద్యోగం కోసం ఇంగ్లీషు చదివిన పెద్ద కులాలవారిని 'బియ్యపు విద్యార్థులు' అని ఎవరూ అనలేదు.

చరిత్రకారులు ఎలా చదివారు

ఈ ఉదంతానికి ముఖ్య ఆధారాలు మిషన్ వారు రాసినవే. మిషనరీ డేవిడ్ డౌనీ రాసిన మిషన్ చరిత్ర, క్లౌ చెప్పగా ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ సిద్ధం చేసి, ఆయన మరణించిన నాలుగేళ్ళకు 1914లో వెలువడిన ఆత్మకథ వీటిలో ప్రధానమైనవి. వీటిలో గుండ్లకమ్మ ఒక అద్భుతం. విమర్శకుల రచనల్లో అదే సంఘటన ఆకలిని సొమ్ము చేసుకున్న మతమార్పిడి. ఈ రెండు వర్ణనలకూ ఒక పోలిక ఉంది: రెంటిలోనూ పని చేసేవాడు తెల్లదొర, పని జరిగేది మాదిగ మీద.

దళిత చరిత్రను అధ్యయనం చేసినవారు మూడవ దారి చూపారు. మతం మారాలన్న నిర్ణయం పల్లెల్లో, బంధువర్గాల్లో, పెద్దల మాటల మధ్య జరిగింది. ఒక ఇంటి నుంచి ఒకడు కాదు, గూడెం గూడెమంతా కదిలింది. 1933లో వెలువడిన తన సర్వే కోసం జె. వాస్కమ్ పికెట్ ఇటువంటి సామూహిక ఉద్యమాలను పరిశీలించి, ఎందుకు మారారని మారినవారినే అడిగాడు. ఆధ్యాత్మిక కారణాలు, కుటుంబ కారణాలు, గౌరవం కోసం, రక్షణ కోసం అంటూ జవాబులు కలగలిసి వచ్చాయి. ఒక మనిషి ఒకే కారణంతో పనిచేస్తాడని అనుకోవడం మన పొరపాటే కాని వారిది కాదు.

ఎమ్మా 1899లో మాదిగల జీవితం మీద ఒక పుస్తకం ప్రచురించింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకునే కథలన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టింది. పేరయ్య సాధన, గురువులు, దేవతలు అందులో ఉన్నాయి. అనువాదంలో వడపోత జరిగినా, మాదిగల గొంతు కొంత వినిపించే తొలి పుస్తకాలలో అది ఒకటి. అందులో కనిపించే మనుషులు ఖాళీ పాత్రలు కాదు. దేవుడి గురించి, మోక్షం గురించి వారికి అప్పటికే సొంత ప్రశ్నలున్నాయి. రాజయోగం నేర్చిన తోళ్ళ వ్యాపారికి 'అర్హత లేకున్నా ప్రేమించే దేవుడు' అన్న మాట కొత్తగా తోచిందా, లేక తన గురువు చెప్పినదానికే మరో రూపంగా తోచిందా అన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

ఇక మిగిలింది సంఘం లోపలి సంగతి. ఒంగోలులో మాదిగలు ఎక్కువగా చేరారు. కడప, కర్నూలు వైపు ఇతర మిషన్లలో మాలలు ఎక్కువ. ఈ తేడా తరువాతి తరాలలోనూ పోలేదు. రెండు కులాల క్రైస్తవులు ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి, పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి వెనుకాడిన సందర్భాలు తెలుగు సంఘాల చరిత్రలో ఉన్నాయి. బడి ఖాళీ అయినా సరే మాదిగలను చేర్చుకున్న సంఘానికి, చేరినవారి మధ్య గోడ తీయడం అంతకంటే కష్టమైంది. గుండ్లకమ్మ ఒడ్డున బోధకులు రాసుకున్న పేర్ల పట్టికలు పల్లెలవారీగా ఉన్నాయి, పల్లె అంటే ఆనాడు ఒక కులం నివసించే గూడెమే.